మిన్ను బడి, మిన్ను ఆకాశం: వెబ్‌కామిక్ పని డైరీ

ఫిబ్రవరి

మిన్ను ముఖం కుదిరింది. రెండు జడలు, ఊడిన ముందు పన్ను, ఎప్పుడూ నోట్లో నములుతుండే స్కూలు హ్యాట్ తాడు. వయసు ఎనిమిదేళ్లు. సిడ్నీ పడమటి శివార్లలో ఒక ప్రభుత్వ ప్రైమరీ స్కూల్లో ఇయర్ 3 చదువుతోంది. అమ్మానాన్నలది సూళ్లూరుపేట. తాతయ్య ఇప్పటికీ అక్కడే ఉంటారు. ఆయన డాబా ఎక్కితే శ్రీహరికోటలో లేచే రాకెట్లు కనిపిస్తాయి. మిన్నుకు అంతరిక్షం పిచ్చి పట్టింది ఆ డాబా మీదే.

కథ ఎలా ఉండకూడదో ముందే తేల్చుకున్నాను. అంతరిక్షమంటే ఇష్టపడే పిల్లలను కథల్లో ఎక్కువగా బాలమేధావులుగా చూపిస్తారు. ఆఖర్లో ఏదో ఒక పోటీలో కప్పు గెలిపిస్తారు. మిన్ను అలాంటి పిల్ల కాదు. ఎక్కాలు ఇంకా వేళ్ల మీదే లెక్కపెడుతుంది. లైబ్రరీ బ్యాగు ఇంట్లో మర్చిపోతుంది. పొద్దున పళ్లు తినడానికి ఇచ్చే చిన్న విరామంలో డబ్బాలోని ద్రాక్షపళ్లను గ్రహాల వరసలో పేర్చుకుని, తినడం మానేసి చూస్తూ కూర్చుంటుంది. ఆ ఇష్టం దేనికో పనికిరావాలని నేను అనుకోవడం లేదు. అది ఆమె రోజులో ఉంది, చాలు.

ఆకాశం మాత్రం నిజమైనదే ఉండాలి. ఈ కామిక్‌కు నేను పెట్టుకున్న షరతు ఇదొక్కటే. రాత్రి ప్యానెల్ (కామిక్‌లో ఒక బొమ్మ గడి) ఏది గీసినా దాని పక్కన ఊరు, తేదీ, సమయం రాసుకుంటాను. ఆ సమయానికి ఆ ఊళ్లో చంద్రుడు ఎక్కడున్నాడో, ఎటు ఒరిగి ఉన్నాడో, ఏ చుక్కలు పైకొచ్చాయో స్టెల్లేరియంలో చూసి అలాగే గీస్తాను. అది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఊరు, తేదీ చెబితే అప్పటి ఆకాశాన్ని తెరమీద పరుస్తుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలకు తెలుగు బొమ్మల పుస్తకంలో కనిపించే ఆకాశం వేరు, కిటికీలోంచి కనిపించేది వేరు. ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఉత్తరానికి తిరిగి నిలబడితే కుడి నుంచి ఎడమకు నడుస్తాడు. శుక్లపక్షంలో చంద్రుడికి వెలుగు ఎడమ వైపున ఉంటుంది. ఈ నెలలో సాయంత్రం పూట ఓరియన్ నక్షత్రమండలం ఉత్తరాన తలకిందులుగా కనిపిస్తోంది. అందులో తాతయ్య గొల్లకావడి అని చూపించే మూడు చుక్కలు ఇక్కడి పిల్లలకు సాస్‌పాన్ అడుగు. వాటి మీదుగా పైకి లేచే చిన్న చుక్కల వరస దాని పిడి. చదివిన పిల్ల ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్తే బొమ్మా ఆకాశమూ కలవాలి. కలిస్తేనే ఆ ఆకాశం తనదని నమ్ముతుంది.

కథ జరిగే సంవత్సరం 2023గా ఖాయం చేశాను. ఆ ఏడాది బడి క్యాలెండర్ ఒక పక్క, అంతరిక్ష వార్తలు ఇంకో పక్క పెట్టి చూస్తే నేను కల్పించాల్సింది పెద్దగా ఏమీ మిగల్లేదు. చలికాలం సెలవుల చివరి శుక్రవారం, జూలై 14న చంద్రయాన్-3 బయల్దేరింది. ఆగస్టు 23న దిగింది. అది ఇక్కడి స్కూళ్లలో బుక్ వీక్, పుస్తకాల వారం. మధ్యలో ఒక ఇండియన్ రాకెట్ ముక్క పశ్చిమ ఆస్ట్రేలియా బీచ్‌కు కొట్టుకొచ్చింది. నాసా అంతరిక్ష నౌక వాయేజర్ 2 తప్పిపోయి మళ్లీ దొరికింది. ఇవన్నీ ఆరు వారాల లోపే. వీటన్నిటి నడుమ ఒక ఎనిమిదేళ్ల పిల్ల రోజూ బడికి వెళ్లి వస్తూ ఉంటుంది.

మార్చి

బడి బొమ్మలకు రిఫరెన్స్ కావాలి. బడి వేళల్లో గేటు బయట నిలబడి ఫోటోలు తీయడం బాగుండదు, తీయకూడదు కూడా. ఆదివారం తెలుగు క్లాసుతో ఆ చిక్కు తీరింది. న్యూ సౌత్ వేల్స్‌లో ఇలాంటి వారాంతపు భాషా తరగతులు చాలావరకు ప్రభుత్వ స్కూళ్ల గదుల్లోనే నడుస్తాయి. పాపను లోపలికి పంపి నేను సిల్వర్ సీట్ మీద కూర్చుని స్కెచ్‌బుక్ తీస్తాను.

సిల్వర్ సీట్ అంటే ఇక్కడి స్కూళ్లలో ఎక్కడ చూసినా కనిపించే పొడవాటి అల్యూమినియం బెంచీ. లంచ్ బెల్ కొట్టాక పిల్లలు వాటి మీద వరసగా కూర్చుని తినాలి, టీచర్ వెళ్లమనేదాకా లేవకూడదు. వేసవిలో తొడలు కాలుతాయి, జూలైలో జివ్వుమంటుంది. బెంచీ మీద అడ్డంగా గాడులుంటాయి. చీజ్ ముక్కలు, పొద్దుతిరుగుడు గింజల తొక్కలు ఆ గాడుల్లో ఇరుక్కుని ఉంటాయి. ఇవి గీయకపోతే అది ఏ దేశపు బెంచీ అయినా కావచ్చు.

గోడలు లేని పెద్ద రేకుల షెడ్డు ఒకటి ఉంటుంది, కోలా అంటారు. అసెంబ్లీ దాని కిందే. వంగి నోరు పెట్టి తాగే నీళ్ల కుళాయిలు బబ్లర్లు. పిల్లలు ఎక్కువైతే లారీ మీద తెచ్చి దించే తరగతి గదులు డిమౌంటబుల్స్. వాటి కింద జానెడు ఎత్తు ఖాళీ ఉంటుంది, పోయిన బంతులన్నీ అక్కడే చేరతాయి. మిన్ను క్లాసు డిమౌంటబుల్‌లోనే పెట్టాను. చిన్న మెట్లు, రెయిలింగు, బయట గోడకు బ్యాగుల కొక్కేలు. కథకు అన్నీ అక్కరకొచ్చేవే.

స్కూలు ప్లాన్ ఒకటి గీసి ఉత్తరం దిక్కు గుర్తుపెట్టాను. పగటి ఆకాశానికీ అదే షరతు వర్తిస్తుంది కదా. పొద్దున నీడలు నైరుతికి, లంచ్‌కు దక్షిణానికి, ఇంటి బెల్ వేళకు ఆగ్నేయానికి. ఒకసారి ఇలా రాసిపెట్టుకున్నాక ఏ ప్యానెల్‌లో నీడ ఎటు పడాలో ఆలోచించే పని లేదు. ఇక్కడి ఎండలో నీడల అంచులు కత్తిరించినట్టు ఉంటాయి, అందుకే వాటికి మెత్తటి బ్రష్ వాడటం మానేశాను. యూకలిప్టస్ ఆకులకు మామిడాకు పచ్చ అసలు పనికిరాదు. బూడిద కలిసిన పచ్చ, పైన కొంచెం పసుపు. ఆ రంగు కుదిరిన సాయంత్రం మొదటిసారి పేజీలోకి ఆస్ట్రేలియా వచ్చింది అనిపించింది.

హ్యాట్ నియమం కూడా గోడ మీద రాసిపెట్టుకున్నాను. ఆరుబయట ఆడుతున్న ప్రతి పిల్ల తల మీదా హ్యాట్ ఉండాలి. లేనివాళ్లు నీడలోనే ఆడాలి. మిన్ను హ్యాట్ మర్చిపోయిన రోజున ఆమెను కోలా కింద కూర్చోబెడితే, సిమెంటు మీద చాక్‌పీసుతో సౌరకుటుంబం గీస్తుంది. నెప్ట్యూన్ గీయడానికి జాగా చాలక గీత ఎండలోకి వెళ్తుంది. హ్యాట్ లేదు కాబట్టి తను ఎండలోకి అడుగు పెట్టకూడదు. రెండో ఎపిసోడ్ మొత్తం ఇదే. వెళ్లి నెప్ట్యూన్ గీసొచ్చేది హ్యాట్ ఉన్న రూబీ. స్నేహం మొదలయ్యేది అక్కడే.

ఏప్రిల్

సాంకేతిక విషయాలు క్లుప్తంగా. ఫోనులో కిందికి జరుపుతూ చదివే నిలువు కామిక్ ఇది. 1600 పిక్సెళ్ల వెడల్పుతో గీసి, 800కు కుదించి, ముక్కలుగా కోసి పెడుతున్నాను. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి. అందుకని అక్షరాల పనంతా ఇంక్‌స్కేప్‌లోకి మార్చాను, అందులో గుణింతాలు, వత్తులు సరిగ్గా కూర్చుంటాయి.

ఫాంట్లు అన్నీ ఉచితంగా దొరికేవే. మాటలకు మండలి, పెద్ద శబ్దాలకు రామభద్ర. తెలుగుకు కింద వత్తులుంటాయి కాబట్టి వరసల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి. మాటల బుడగలు పొడుగ్గా సాగుతాయి. నిలువు కామిక్‌లో అది ఇబ్బంది కాదు. అడ్డం మాత్రం ఇబ్బందే. ‘మాట్లాడుకుంటున్నప్పుడు’ లాంటి ఒక్క మాటకే వరస నిండిపోతుంది. అందుకని డైలాగు రాసేటప్పుడే చిన్న మాటలతో రాస్తున్నాను. పిల్లల మాట కూడా అలాగే ఉంటుంది కాబట్టి చదవడానికి హాయిగా ఉంది.

ఇంట్లో మాట్లాడే తెలుగుకు తెల్ల బుడగ. బడిలో ఇంగ్లీషులో మాట్లాడుకునేది కూడా తెలుగులోనే రాస్తాను కానీ లేత పసుపు బుడగలో. ఇంటికొచ్చి బ్యాగు పడేసే వేళ ఒకే వాక్యంలో రెండు రంగులూ కలిసిపోతాయి. మా ఆదివారం క్లాసు పిల్లలకు ముందు ఒక పేజీ చూపిస్తే, ఎవరూ చెప్పకుండానే రంగుల సంగతి పట్టేశారు.

మే

చంద్రయాన్ బయల్దేరే ఎపిసోడ్. ఇప్పటిదాకా నాకు బాగా నచ్చిన పని ఇదే, అందుకే వివరంగా రాసుకుంటున్నాను.

సూళ్లూరుపేటలో మధ్యాహ్నం 2:35 అయితే సిడ్నీలో రాత్రి 7:05. అక్కడ జూలై ఎండ, ఇక్కడ చలి, చీకటి. చలికాలంలో తేడా నాలుగున్నర గంటలు. ఇక్కడ గడియారాలు గంట ముందుకు జరిపే వేసవిలో అయిదున్నర. మిన్ను హీటర్ ముందు దుప్పటి కప్పుకుని కూర్చుంది. ల్యాప్‌టాప్‌లో లైవ్ వస్తోంది. ఫోనులో తాతయ్య వీడియో కాల్. ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని డాబా మీద నిలబడ్డారు.

ఇక్కడ మూడు గడియారాలు నడుస్తున్నాయి. తాతయ్య కంటికి రాకెట్ కనిపించగానే “లేచింది లేచింది!” అంటారు. ల్యాప్‌టాప్‌లో అప్పటికి ఇంకా కౌంట్‌డౌన్ నడుస్తోంది, ఎందుకంటే లైవ్ కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. అదే రాకెట్ శబ్దం తాతయ్య చెవికి చేరాలంటే ఇంకా ఆలస్యం. లాంచ్‌ప్యాడ్ ఓ ఇరవై కిలోమీటర్ల దూరం అనుకుంటే, సెకనుకు 340 మీటర్ల లెక్కన దాదాపు నిమిషం పడుతుంది.

దీన్ని నిలువు కామిక్‌లో చూపించడం ఎంత బాగుంటుందో! ముందు తాతయ్య వేలు. ఆ తర్వాత కిందినుంచి పైకి పోయే పొగను పై నుంచి కిందికి చదివించాలి. అదొక చిక్కు, ఎందుకంటే పాఠకుల వేలు రాకెట్‌కు ఎదురు దిశలో కదులుతుంది. అందుకని రాకెట్‌ను అన్నిటికంటే పైన పెట్టి, చదివేవాళ్లు దాని పొగ వెంట కిందికి దిగేలా చేశాను. దిగేకొద్దీ పొగ మందమవుతుంది, తర్వాత తాటిచెట్ల తలలు, పులికాట్ నీళ్లు, ఊరి డాబాలు. ఇంత పొడుగునా ఒక్క అక్షరం లేదు. డాబాల కింద మళ్లీ తాతయ్య, నోరు తెరిచి పైకే చూస్తున్నారు. కింద ఖాళీ ఆకాశం. ఇంకా ఖాళీ. అప్పుడు స్క్రీన్ నిండా రామభద్రలో దడదడదడ. ఫోను స్పీకర్ పగిలినట్టు వినిపించే ఆ శబ్దం సిడ్నీలో హీటర్ ముందున్న మిన్ను జడలను ఊపాలి. అది సైన్సు ప్రకారం జరగదు. అయినా జడలు ఊపాను. ఆకాశానికి పెట్టిన షరతు జడలకు పెట్టలేదు.

“ఏందమ్మా మిన్నూ, కనబడిందా?”

“మాకింకా ఇప్పుడే లేస్తోంది తాతయ్యా!”

డైలాగు ఈ రెండు ముక్కలే.

జూన్

రూబీ ఎపిసోడ్లు. మూడు భాగాలుగా వస్తాయి. కథకు వెన్నెముక ఇవే.

2023 జూలై మధ్యలో పశ్చిమ ఆస్ట్రేలియాలో జూరియన్ బే దగ్గర గ్రీన్ హెడ్ బీచ్‌కు రాగి రంగులో ఉన్న పెద్ద సిలిండర్ ఒకటి కొట్టుకొచ్చింది. మనిషి కంటే ఎత్తు, ఒళ్లంతా నత్తగుల్లలు. ఏమిటో తెలిసేదాకా పోలీసులు కాపలా కాశారు. జూలై 31న ఆస్ట్రేలియన్ స్పేస్ ఏజెన్సీ చెప్పింది, అది ఎక్కువ శాతం పీఎస్‌ఎల్‌వీ మూడో దశ తాలూకు ముక్క అయివుంటుందని. పీఎస్‌ఎల్‌వీ అంటే తాతయ్య డాబా మీద నుంచి ఎన్నోసార్లు చూసిన రాకెట్.

రూబీ వాళ్ల అమ్మమ్మను జూరియన్ బేలో పెట్టాను. రాకెట్ లేచిన చోట ఒక పిల్ల తాతయ్య, దాని ముక్క తేలిన చోట ఇంకో పిల్ల అమ్మమ్మ. మధ్యలో హిందూ మహాసముద్రం. ఇది కుదిరాక మిగతా కథ దానంతట అదే నడిచింది.

మంగళవారం మిన్ను న్యూస్ డే. ఇక్కడి చిన్న తరగతుల్లో పిల్లలు వంతులవారీగా ముందుకొచ్చి ఏదో ఒక సంగతి చెప్పాలి, దాన్నే న్యూస్ అంటారు. మిన్ను ఆ సిలిండర్ ఫోటో ప్రింట్ పట్టుకొచ్చి “ఇది మా రాకెట్” అంటుంది, ముఖం వెలిగిపోతూ. చాప మీద కాళ్లు మడుచుకుని కూర్చున్న రూబీ చెయ్యెత్తుతుంది. “అది మా అమ్మమ్మ బీచ్. మీ రాకెట్ అక్కడ చెత్త పడేసింది.”

ఆ ప్యానెల్ గీయడానికి బాగా తన్నుకులాడాను. రూబీని చెడ్డపిల్లగా గీయకూడదు, ఆమె అన్నది నిజం. మిన్ను గర్వం కూడా నిజమే. ‘మా’, ‘మీ’ అని ఇద్దరూ మొదటిసారి అనుకున్నది ఇప్పుడే. పొద్దున సిల్వర్ సీట్ మీద ఒకరికొకరు ఆనుకుని కూర్చున్నవాళ్లు. క్లాసు అంతా తీసేసి, చాప మీద ఇద్దరి మోకాళ్లు మాత్రమే గీశాను. మధ్యలో ఆ ఫోటో ప్రింట్ పడి ఉంది. రెండు యూనిఫాంలూ ఒకటే, మోకాళ్ల మీద గీరుకున్న మచ్చలు కూడా.

టీచర్ వాదన తీర్చరు. స్కైలాబ్ సంగతి చెబుతారు. 1979 జూలైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలిపోయి, ముక్కలు ఇదే పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ చుట్టుపక్కల పడ్డాయి. చెత్త పారబోసినందుకు నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది అక్కడి షైర్, అంటే స్థానిక పాలక మండలి. “మరి ఈ ముక్క ఎవరిది మిస్?” అని వెనకనుంచి ఒకడు అడుగుతాడు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం పైకి పంపిన వస్తువు, ఎక్కడ పడ్డా, పంపిన దేశానిదే. ఈ జవాబుతో గొడవ ఇంకా పెరుగుతుంది. చట్టం మిన్ను పక్షాన, బీచ్ రూబీ పక్షాన.

బుధ, గురువారాలు ఇద్దరికీ మాటల్లేవు. ఇక్కడికి వాయేజర్ వస్తుంది. నేను తెచ్చింది కాదు, తేదీలే తెచ్చాయి. జూలై 21న పంపిన ఆదేశాల్లో పొరపాటు వల్ల వాయేజర్ 2 యాంటెన్నా భూమి వైపు నుంచి 2 డిగ్రీలు పక్కకు తిరిగిపోయింది. మాట అందదు, మాట రాదు. భూమికి దాదాపు 1,990 కోట్ల కిలోమీటర్ల దూరం. అది దక్షిణ దిక్కుగా పోయింది కాబట్టి ఉత్తరార్ధగోళంలోని కేంద్రాలకు కనిపించదు. దానికి ఆదేశం పంపగలిగే డిష్ ప్రపంచంలో ఒక్కటే, కాన్‌బెరా దగ్గర టిడ్‌బిన్‌బిల్లాలో ఉన్న 70 మీటర్లది. ఆ డిష్ నుంచి శక్తినంతా కూడదీసి ‘ఇటు తిరుగు’ అని ఒక అరుపు పంపారు. వెళ్లడానికి పద్దెనిమిదిన్నర గంటలు, రావడానికి అంతే. 37 గంటలు ఎదురుచూడాలి.

జవాబు అందింది అమెరికా తూర్పు తీరపు సమయంలో ఆగస్టు 4 రాత్రి 12:29కి. మన టైమ్‌కు మార్చి చూసుకుని కుర్చీలోంచి లేచిపోయాను. సిడ్నీలో అది శుక్రవారం మధ్యాహ్నం 2:29. ఇంటి బెల్‌కు ఇంకో అరగంట. లెక్క ప్రకారం అరుపు బయల్దేరింది గురువారం తెల్లవారుజామున, ఇద్దరు పిల్లలూ ముఖాలు ముడుచుకుని నిద్రపోతున్నప్పుడు.

మూడో భాగం పేజీని నిలువునా రెండుగా చీల్చాను. ఎడమ పక్క నల్లటి అంతరిక్షంలో ఒక సన్నటి గీత పోతూ ఉంటుంది. కుడి పక్క బడి రెండు రోజులు: లైబ్రరీ, ఎక్కాలు, లంచ్, ఇద్దరూ వేర్వేరు సిల్వర్ సీట్లు. గురువారం రూబీ బ్యాగులో మిన్ను ఒక కాగితం పెడుతుంది. అందులో ఆ సిలిండర్ బొమ్మ, ప్రతి నత్తగుల్లా విడివిడిగా గీసి. పేరు లేదు, సారీ లేదు. శుక్రవారం 2:29కి ఎడమ పక్క గీత వెనక్కి తిరిగి వచ్చి చేరుతుంది. కుడి పక్క, రూబీ అదే కాగితం తిరిగి ఇస్తుంది. సిలిండర్ పక్కన తన అమ్మమ్మను, కుక్కను గీసింది. ‘అమ్మమ్మ ముట్టుకోలేదు, పోలీసులు ఒప్పుకోలేదు’ అని కింద రాసింది.

వాయేజర్ సంగతి ఆ రోజుకు ఇద్దరికీ తెలియదు. చదివేవాళ్లకు మాత్రమే తెలుసు. అలా ఉంచేశాను.

జూలై

బుక్ వీక్ పెరేడ్. ఆగస్టులో ఒక రోజు పిల్లలంతా తమకు నచ్చిన పుస్తకంలోని పాత్రలా తయారై రావాలి. అమ్మానాన్నలకు ముందురోజు రాత్రి టెన్షన్. మిన్ను విక్రమ్ ల్యాండర్‌గా వెళ్తానంటుంది. అట్టపెట్టె, వంటింటి ఫాయిల్, నాలుగు కాళ్లకు గిఫ్ట్ పేపర్ చుట్టలు. ఇది ఏ పుస్తకంలోది అని ఎవరైనా అడిగితే? రూబీ ఉపాయం చెబుతుంది. మిన్ను నోట్‌బుక్ పేజీలు చింపి, మడిచి, స్టేపుల్ కొడితే పుస్తకమే కదా.

ల్యాండర్ కాళ్లతో సిల్వర్ సీట్ మీద కూర్చోవడం కుదరదు. కాబట్టి మిన్ను పెరేడ్ అంతా నిలబడే ఉంటుంది, వెనక ఇద్దరికి కనిపించక విసుక్కుంటారు. ఈ పేజీలు గబగబా అయిపోయాయి, బడి హడావుడి గీయడం చేతికి అలవాటైంది.

రాత్రి ప్యానెల్‌కు మాత్రం వారం మొత్తం ఇచ్చాను. ఆగస్టు 23, బుధవారం. మన దేశంలో సాయంత్రం 6:04, ఇక్కడ రాత్రి 10:34. మర్నాడు బడి ఉంది. అయినా అమ్మ ఉండనిచ్చింది. మర్నాటికి అర్ధచంద్రుడు కాబట్టి ఆ రాత్రి కాస్త తక్కువ సగం వెలుగు. సూళ్లూరుపేటలో చంద్రుడు దక్షిణాన బాగా ఎత్తులో ఉన్నాడు. కుడి సగం వెలుగు, దక్షిణ ధ్రువం కింది వైపు. విక్రమ్ దిగింది దాదాపు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర. కాబట్టి తాతయ్య వేలు చంద్రుడి అడుగు వైపు చూపిస్తుంది.

సిడ్నీలో అదే నిమిషాన చంద్రుడు పడమటి ఇళ్ల కప్పుల మీదికి వాలుతున్నాడు. పక్కకు ఒరిగిపోయి, వెలుగు సగం కిందికి, దక్షిణ ధ్రువం ఎడమ పక్కకు కొంచెం పైకి. మిన్ను వేలు ఎడమకు చూపిస్తుంది. రెండు చంద్రుళ్లనూ ఒకే సైజులో, ఒకదాని కింద ఒకటి పెట్టాను. రెండిటి మీదా ఒకే చోట చిన్న ఎర్రచుక్క. చదివేవాళ్లు ఫోను తిప్పితే ఒక చంద్రుడు ఇంకో చంద్రుడవుతాడు. మాటలు లేవు, ఎర్రచుక్కకు వివరణ కూడా లేదు.

ఆదివారం క్లాసులో ఈ పేజీ చూసి ఒక పిల్లాడు ఫోను నిజంగానే తిప్పాడు. తర్వాత మిగతావాళ్లంతా తిప్పడం మొదలుపెట్టారు. టీచర్‌గారు పాఠం ఆపి వాళ్లను వరండాలోకి తీసుకెళ్లి ఉత్తరం ఎటో చూపించారు. వాళ్లలో కొందరికి సూర్యుడు ఇక్కడ ఉత్తరాన ఉంటాడన్న సంగతి అప్పుడే తెలిసింది. నాకు కావలసింది ఇదే.

ఆగస్టు

పార్క్స్ వెళ్లొచ్చాం. సిడ్నీ నుంచి కారులో ఐదు గంటలకు పైనే. ఊరు దాటాక ఇరవై కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్తే, పొలాల మధ్య 64 మీటర్ల రేడియో టెలిస్కోప్ డిష్. 1961 నుంచి పని చేస్తోంది. 2020లో దానికి అక్కడి ఆదివాసీల విరాజురి భాషలో మురియాంగ్ అని పేరు పెట్టారు. దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోన్లు ఆపేయాలి, ఎందుకంటే ఫోను సంకేతం దాని చెవికి కేకలాంటిది. ఫోటోలు లేకుండా స్కెచ్‌బుక్‌తో కూర్చున్నాను. గిన్నె అంచు దగ్గర జల్లెడలా ఉండే మెష్ లోంచి వెనక మేఘాలు కనిపిస్తాయి. అది ఫోటోలో ఎప్పుడూ గమనించలేదు. మిన్ను చూడబోయే మొదటి వివరం అదే చేస్తాను.

అపోలో 11 భాగం స్క్రిప్టు రాశాను. చంద్రుడి మీద మొదటి అడుగు ఇక్కడి సమయం ప్రకారం 1969 జూలై 21, సోమవారం మధ్యాహ్నం 12:56. బడి వేళ. మిన్ను స్కూలు ముందు స్టాప్ పలక పట్టుకుని పిల్లలను రోడ్డు దాటించే ఆవిడకు అప్పుడు ఎనిమిదేళ్లు. హాల్లో నేల మీద కూర్చుని టీవీలో చూసింది. ఆ సంగతి మిన్నుకు చెప్పేది ఆవిడే.

ఒక విషయం ఈ భాగంలో కచ్చితంగా ఉండాలి. మొదటి అడుగు దృశ్యాన్ని అందుకుని ప్రపంచానికి చూపింది పార్క్స్ అని చాలామంది అనుకుంటారు. కాదు. అది కాన్‌బెరా దగ్గరి హనీసకుల్ క్రీక్‌లోని 26 మీటర్ల డిష్. పార్క్స్ డిష్ మరీ కిందికి వంగలేదు, చంద్రుడు తగినంత ఎత్తుకు రావాలి. దానికి తోడు ఆ మధ్యాహ్నం గంటకు 110 కిలోమీటర్ల వేగంతో గాలి కొట్టింది. అయినా డిష్ వంచి పట్టుకుని, తొమ్మిది నిమిషాలయ్యేసరికి పార్క్స్ బొమ్మ రావడం మొదలైంది. తర్వాతి రెండు గంటల పైచిలుకూ దాని ద్వారానే చూశారు. హనీసకుల్ క్రీక్ కేంద్రం 1981లో మూతపడింది, డిష్‌ను టిడ్‌బిన్‌బిల్లాకు తరలించారు. పిల్లలు చదివే కామిక్‌లో ఆ చిన్న డిష్‌కు దాని వంతు పేజీ దక్కాలి. గాలిని ఎలా గీయాలన్నదే ఇప్పుడు నా ముందున్న పని. గడ్డి, టెక్నీషియన్ల టైలు, పార్కింగ్‌లో ఎగిరే దుమ్ము, వీటితో కొన్ని థంబ్‌నెయిల్స్ (చిన్న నమూనా బొమ్మలు) వేశాను.

మిన్ను కుటుంబం పార్క్స్‌కు వెళ్లేది వసంత సెలవుల్లో. 2023లో సెప్టెంబర్ 29న పౌర్ణమి. చీకటి కావాలి కాబట్టి వాళ్ల ప్రయాణాన్ని అక్టోబర్ మొదటి వారం చివరకు జరిపాను, అప్పటికి చంద్రుడు ఆలస్యంగా లేస్తాడు. రాత్రి తొమ్మిదికి దక్షిణ శిలువ నైరుతి వైపు బాగా కిందికి దిగి ఉంటుంది. దాని పక్కనున్న నల్లటి మచ్చ కోల్‌సాక్. ఆదివాసీ ప్రజల్లో ఎన్నో జాతులకు అది ఆకాశంలోని ఈము తల. పాలపుంతలోని నల్లటి చారలు మెడ, ఒళ్లు. చుక్కలను కాకుండా చుక్కల మధ్య చీకటిని చూసి గుర్తుపట్టే బొమ్మ అది. అక్టోబర్ మొదట్లో తల కిందికి, ఒళ్లు పైకి. ఈము కథలు నేను సొంతంగా చెప్పను. ఆ కథలు కమిలరోయి, యువలాయి, విరాజురి వంటి ప్రజలవి. ఏ మేరకు, ఎలా చూపించవచ్చో విరాజురి పెద్దలను అడిగాకే ఆ పేజీకి సిరా పడుతుంది. అందాకా పెన్సిల్‌లోనే ఉంటుంది.

ఇంకా మిగిలినవి: మ్యాగ్‌పై పక్షులు తలల మీదికి దూసుకొచ్చే సెప్టెంబర్ ఎపిసోడ్‌కు రెక్కల స్టడీలు, నవంబర్ జాకరండా పూల ఊదారంగు ప్యాలెట్, తాతయ్య డాబా మెట్ల కొలతలు. మెట్ల ఫోటోలు సూళ్లూరుపేట నుంచి ఒక స్నేహితురాలు పంపిస్తానంది. మొదటి నాలుగు ఎపిసోడ్లు అక్షరాలతో సహా సిద్ధం. గాలి పేజీలు తేలగానే వాటిని వారానికొకటి చొప్పున బయటపెడతాను.